పాత ఊరు మళ్లీ తెరవాలి: గడియారం ఏ తేదీకి పెట్టుకోవాలి?

ప్రశ్న

పద్నాలుగేళ్ల వయసులో మొదలుపెట్టి 2008 దాకా దాదాపు రోజూ ఆడిన ‘యానిమల్ క్రాసింగ్: వైల్డ్ వరల్డ్’ కార్ట్రిడ్జ్, అప్పటి నింటెండో డీఎస్ అనే చేతిలో పట్టే ఆట యంత్రంతో సహా, మొన్న సామాన్లు సర్దుతుంటే దొరికింది. ఈ ఆట తెలియనివారికి రెండు మాటలు: ఇందులో గెలుపోటములు లేవు. జంతువులు కాపురముండే చిన్న ఊళ్లో దిగి, చేపలు పట్టుకుంటూ, పండ్లు అమ్ముకుంటూ, ఇరుగుపొరుగుకు ఉత్తరాలు రాసుకుంటూ, టామ్ నూక్ అనే దుకాణదారుకు ఇంటి అప్పు తీర్చడమే పని. ఆటలోని కాలం మన గడియారం ప్రకారమే నడుస్తుంది, మనం ఆడకపోయినా ఆగదు. నా చిక్కంతా అక్కడే ఉంది.

ఇప్పుడు తెరిస్తే ఊరంతా కలుపు మొలిచి, ఇంట్లో బొద్దింకలు తిరుగుతుంటాయనీ, నాకిష్టమైనవాళ్లు కొందరు ఊరు విడిచి వెళ్లిపోయి ఉంటారనీ తెలుసు. అందుకని గడియారాన్ని 2008కి తిప్పి, ఏమీ జరగనట్టు లోపలికి వెళ్లాలనిపిస్తోంది. పైగా అది నా ఒక్కదాని ఊరు కాదు. కార్ట్రిడ్జ్‌కు ఒకే ఊరు, ఆటగాళ్లు నలుగురున్నా ఒకే ఇల్లు కాబట్టి, గోడలకు ఏ కాగితం అతికించాలన్న దాని మీద మా అక్కా నేనూ నిజంగానే మాటలు మానేసిన రోజులున్నాయి. అంతా చెరిపేసి కొత్త ఊరు మొదలుపెడితే ఆమెదీ పోతుంది. ఇలా తిరిగి వెళ్లినవారు ఎవరైనా ఉంటే ఏం చేశారో చెప్పగలరా?

జవాబు 1

ముందు వస్తువు సంగతి చూడండి. ఇన్నేళ్లు మూలన పడి ఉన్న లిథియం బ్యాటరీ ఉబ్బి ఉంటే దాన్ని చార్జింగ్‌కు పెట్టకండి, మార్చేయండి. ఊరు చెరిగిపోయిందేమోనన్న బెంగ మాత్రం అంతగా అక్కర్లేదు. నింటెండోదే అంతకుముందరి చేతి యంత్రమైన గేమ్ బాయ్ కార్ట్రిడ్జ్‌లు చాలావాటిలో సేవ్ ఒక బొత్తాం బ్యాటరీ మీద ఆధారపడేది, అది అయిపోతే అంతా పోయేది. మీ ఆట బ్యాటరీ అక్కర్లేని ఫ్లాష్ మెమరీలో సేవ్ అవుతుంది, గడియారం డీఎస్‌లో ఉంటుంది.

తేదీ విషయంలో ఒక క్రమం పాటించండి. ఈనాటి తేదీతో తెరిచి సేవ్ చేశారంటే, వెళ్లిపోయినవాళ్లు తర్వాత గడియారం వెనక్కి తిప్పినా తిరిగి రారు. కాబట్టి రెండూ చూడాలనుంటే మొదట పాత తేదీతో తెరిచి, ఆ తర్వాతే ఈ రోజుకు రండి. మీరు చివరిగా ఆడిన రోజు గుర్తుంటే దాని మర్నాటికి పెట్టుకోవడం మేలు. అంతకన్నా వెనక్కి వెళితే ఆట దాన్ని పసిగడుతుంది, ధర పెరిగాక అమ్ముకుందామని దాచుకున్న టర్నిప్ దుంపలు కుళ్లిపోతాయి.

జవాబు 2

మీరు అనుకుంటున్న పనే నేను చేశాను. నిన్ననే కలిసినట్టు అందరూ పలకరించారు. అందులో ఒక కప్ప ప్రతి వాక్యం చివరా ఒక మాట తగిలిస్తుంటే ముందు అర్థం కాలేదు. ఊతపదం ఏం పెట్టుకోమంటావని ఆ జంతువులు మనల్ని అడుగుతాయి కదా, పదమూడేళ్ల నేను దానికి మా లెక్కల మాస్టారికి మేం పెట్టిన ముద్దుపేరు నేర్పాను! ఇన్నేళ్లూ అది దాన్ని మరిచిపోకుండా దాచిపెట్టింది. నవ్వీ నవ్వీ, తర్వాత కాస్త సిగ్గు కూడా పడ్డాను.

ఇంకో సంగతి. అప్పట్లో ఆ ఇంటి అప్పు గుండెల మీద కుంపటిలా ఉండేది, తెల్లవారగానే చెట్లు దులిపి పండ్లు అమ్ముకునేవాణ్ణి. నిజం వాయిదాలు కట్టడం మొదలయ్యాక చూస్తే, వడ్డీ లేదు, గడువు లేదు, ఇల్లు జప్తు చేస్తాననే మాటే లేదు. నూక్‌ను ఇన్నాళ్లూ తిట్టుకున్నందుకు క్షమాపణ చెప్పాలనిపించింది. అయితే ఆ పాత తేదీలో పది రోజులకు మించి ఉండలేకపోయాను. కిటికీ బయట వాన పడుతుంటే ఆటలో మంచు కురుస్తోంది, అది నా ఊరిలా కాక ఫొటోలా అనిపించింది.

జవాబు 3

పై మాటతో ఏకీభవిస్తూనే, పాత తేదీ ముచ్చట ఒక్క పూటకు మించనివ్వకండని చెబుతాను. ఈ ఆటల వరుసను రూపొందించినవారిలో ముఖ్యుడైన కత్సుయా ఎగుచి, జపాన్‌లోని చిబాలో ఉన్న కుటుంబాన్నీ స్నేహితులనూ విడిచి ఉద్యోగం కోసం క్యోటోకు వచ్చినప్పటి ఒంటరితనం నుంచి ఆలోచన పుట్టిందని చెప్పుకున్నారు. 2001లో నింటెండో 64 అనే యంత్రం మీద వచ్చిన మొదటి ఆట నుంచీ ఉన్నది, ఒకరు లేనప్పుడు కూడా ఊరు సాగిపోవడమే. గడియారాన్ని ఆపేస్తే అదే పోతుంది.

పెద్దవాళ్ల దినచర్యకు ఆ ఊరు అంత తేలిగ్గా ఒదగదని ముందే చెప్పాలి. మనం పని ముగించుకొని వచ్చేసరికి ఆలస్యమైతే దుకాణం మూసేసి ఉంటుంది. టర్నిప్‌లు ఆదివారం మధ్యాహ్నం 12 లోపే కొనాలి. దూరాన ఉన్నవారి ఊళ్లకు వెళ్లే ఆన్‌లైన్ సేవను 2014 మే 20న నింటెండో నిలిపివేసింది గానీ, రెండు డీఎస్‌లు పక్కపక్కన ఉంటే ఇప్పటికీ ఒకరి ఊరికొకరు వెళ్లవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. చివరి రోజు ఏదో గుర్తులేక అక్కకు ఫోన్ చేస్తే, పాత తేదీ వద్దే వద్దంది. ఈ రోజు తేదీతోనే తెరిచాం. ఇంటి ముందు ఆమె వరుసగా పేర్చిన టర్నిప్‌లు కుళ్లి, వాటికి చీమలు పట్టాయి. ధర పెరిగేదాకా అమ్మొద్దని తనే పట్టుబట్టిన సంగతి ఆమెకు బాగానే గుర్తుంది, ఒప్పుకోవడం లేదు. ఎనిమిది మందిలో ముగ్గురు లేరు. నదికి ఇవతల కలుపు నేను పీకేశాను, అవతల వైపు తన వాటా అట, సెలవులకు వచ్చినప్పుడు చేస్తానని అలాగే ఉంచమంది.