డయాటంల మీద రీసెర్చ్ చేస్తే బతుకుతెరువు ఉంటుందా?

భీమవరం కుర్రాడు:
బీఎస్సీ బోటనీ ఫైనలియర్. నాన్నకి రొయ్యల చెరువులున్నాయి. మా చెరువు నీటిచుక్క కాలేజీ మైక్రోస్కోప్ కింద పెడితే, బంగారు రంగు గీతల్లాంటివి వాటంతటవే ముందుకీ వెనక్కీ జారుతున్నాయి. అవి డయాటంలని, కంటికి కనపడని ఒంటికణపు నాచు రకమని సార్ చెప్పారు. అప్పట్నుంచీ అదే ధ్యాస. ఇంట్లో చెబితే "నాచు చూడ్డానికి పీహెచ్‌డీ ఎందుకురా, గ్రూప్స్ రాసుకో" అంటున్నారు. జీవితాంతం ఈ పనే చేసినవాళ్ళెవరైనా ఉన్నారా? రోజూ ఏం చేస్తారు?

లంక టీచరమ్మ:
ఉన్నాను బాబూ. మాది అమలాపురం అవతల లంక. సర్వీసంతా డయాటంలతోనే గడిచి రిటైరయ్యాను.

రోజూ పనంటావా, ఎక్కువగా గీకడం, కడగడం, లెక్కపెట్టడం. పుస్తకాల్లో రాళ్ళ మీంచి శాంపిల్ తియ్యమని ఉంటుంది. మన డెల్టాలో రాళ్ళెక్కడివి, అంతా ఒండ్రు. అందుకే రేవు మెట్లు, లాకుల గోడలు, తుంగ కాడలు వెతుక్కునేదాన్ని. పాత టూత్‌బ్రష్‌తో పాకుడు గీకి సీసాలో పోస్తే నీళ్ళు టీ రంగుకొస్తాయి. ఆ రంగు ఫ్యూకోజాంథిన్ అనే వర్ణకానిది. దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వేడిచేస్తే జీవపదార్థం పోయి సిలికా గోడలు మిగులుతాయి. ఒక్కో డయాటంకి రెండు ముక్కలు, సబ్బుపెట్టెకి మూతలా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. స్లైడ్ అతికించే మామూలు డీపీఎక్స్ జిగురు వాడితే వాటి మీది గీతలు సరిగ్గా ఆనవు, నాఫ్రాక్స్ లాంటి జిగురు కావాలి. తర్వాత ఆయిల్ ఇమ్మర్షన్ లెన్స్ కింద స్లైడుకి 400 దాకా గోడలు లెక్కపెట్టాలి. పది మైక్రాన్లలో ఎన్ని గీతలున్నాయో చూస్తేగానీ జాతి తేలదు. మెడ పట్టేస్తుంది, అది వేరే సంగతి.

ఈ పనికి మన గోదావరికి మించిన చోటు లేదు. ధవళేశ్వరం దగ్గర మంచినీళ్ళు, యానాం దిగువకి వెళ్తే ఉప్పు, కోరంగి మడ అడవుల్లో ఆటుపోట్లను బట్టి మారే నీళ్ళు. వరద ఎర్రనీరు దిగినప్పుడు బురదకి వెలుతురు లోపలికి పోదు, తేలే డయాటంలు తగ్గిపోతాయి. నీరు తేటపడ్డాక మళ్ళీ పుంజుకుంటాయి. వేసవిలో ఉప్పునీరు ఎగదన్నితే సముద్రపు జాతులు లోపలికొస్తాయి. సీసా ఏ కాలువదో నువ్వు చెప్పకపోయినా, అందులోని డయాటంలు చూసి నీళ్ళు మంచివో ఉప్పువో చెప్పొచ్చు. ఫోరెన్సిక్ వాళ్ళు కూడా మునిగి చనిపోయారా అని తేల్చడానికి ఎముక మజ్జలో వీటినే వెతుకుతారు.

డబ్బు సంగతీ చెప్పాలి. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకి 37,000, తర్వాత 42,000. పీహెచ్‌డీ అయ్యాకే అసలు టెన్షన్. ప్రాజెక్టు అయిపోతే జీతం ఆగుతుంది, పర్మనెంట్ పోస్టు పడేదాకా ఎదురుచూడాలి. నేను మొదట చేరినచోట లెన్స్‌కి బూజు పట్టి ఉండేది. కొత్తదడిగితే మూడో ఏడు దాకా ఫైలే కదల్లేదు.

హేచరీ మాస్టారు:
మేడమ్ చెప్పింది చదువు వైపు. ఉప్పాడ ఒడ్డున మా హేచరీలో అయితే డయాటం లేకపోతే వ్యాపారమే లేదు. రొయ్యపిల్ల గుడ్డులోంచి వచ్చిన తొలిదశలో, నాప్లియస్‌గా ఉన్నప్పుడు ఏమీ తినదు, తర్వాతి దశ జోయియా అయిన వెంటనే కీటోసెరాస్ అనే డయాటం పెట్టాలి. ఆ కల్చర్‌లో సిలికేట్ వెయ్యడం మరిచారా, అది ఎదగదు. మంచి ఆల్గే టెక్నీషియన్ దొరకడం కష్టం. పీహెచ్‌డీ లేకున్నా ఈ పని నేర్చుకుంటే తిండికి లోటుండదు తమ్ముడూ.

ఉప్పుటేరు రైతు:
మాకు పేర్లు తెలియవండి. నీళ్ళు గోధుమరంగులో ఉంటే నిద్ర పడుతుంది. చిక్కటి ఆకుపచ్చ తెట్టు కట్టిందంటే బ్లూ గ్రీన్ నాచు వచ్చినట్టే. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్యకి మట్టివాసన పడుతుంది. చెరువు చూసి ఏ నాచో చెప్పగలిగే కుర్రాడొస్తే మా ఊళ్ళో కుర్చీ వేసి కూర్చోబెడతాం.

భీమవరం కుర్రాడు:
ఇవన్నీ నాన్నకి చదివి వినిపిస్తాను. మేడమ్, ఇప్పుడు డీఎన్‌ఏతోనే జాతులు తేల్చేస్తున్నారట కదా, కన్ను అలవాటు చేసుకోవడం దండగేమో?

లంక టీచరమ్మ:
దండగ కాదు. డీఎన్‌ఏ సీక్వెన్స్ వస్తుంది సరే, పోల్చి చూసే డీఎన్‌ఏ లైబ్రరీలో ఆ జాతి లేకపోతే దానికి పేరెవరు పెడతారు? హెచ్.పి. గాంధీగారు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూనే పశ్చిమ భారతపు మంచినీటి డయాటంలు ఎన్నో చూసి, గీసి, వర్ణించారు. తూర్పు తీరాన అలా కూర్చున్నవాళ్ళు తక్కువ. నా మాట వింటే నెట్ రాయి, ఈలోగా మీ చెరువు, దాని పక్క పంటకాలువ రెండూ నెలనెలా శాంపిల్ తియ్యి. లూగాల్ అయోడిన్ నాలుగు చుక్కలు వేస్తే నిలవుంటుంది. అప్పటి ఉప్పుశాతం రాసుకో. తేదీ, చోటు పెన్సిల్‌తో కాగితం మీద రాసి సీసా లోపలే వెయ్యి. పైన మార్కర్‌తో రాసింది స్పిరిట్ తగిలితే చెరిగిపోతుంది.