తాకొంకకా, తాకొందకా?

వేపచెట్టు వీధి: అందరికీ నమస్కారం. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి మా ఆయనకి ఉద్యోగం లేదు. ఇంట్లో టెన్షన్, మాటామాటా. అందుకని రాత్రి అన్నాల దగ్గర ఒక అలవాటు పెట్టుకున్నాం: ఇవాళ ఎవరి వల్ల మనకి మేలు జరిగిందో తలా ఒక మాట చెప్పాలి. నిన్న మా చిన్నది "ఫీజు సంగతి అందరి ముందూ అడగనందుకు మా టీచర్" అంది. ముందుగా మామయ్యగారు సుమతీ శతకంలోని "ఆకొన్న కూడె యమృతము" పద్యం ఎత్తుకుంటారు. రెండో పాదం దగ్గర రోజూ తడబాటే. ఓ రోజు "తాకొంకక నిచ్చువాడె", ఓ రోజు "తాకొందక". పిల్లలకి ఏది నేర్పాలి?

ఛందోదాసు: కొంకకే. "జంకూ గొంకూ లేకుండా" అంటాం కదా, ఆ కొంకే. వెనకాడకుండా ఇచ్చేవాడు దాత. ఇందులో చర్చేముంది?

పాతపుస్తకం: ఉంది మాస్టారూ. నా దగ్గరున్న ప్రతిలో కొందక. "బాధపడక" అని తాత్పర్యం. గణాలు రెండింటికీ ఒకటే, ప్రాస (పాదాల్లో రెండో అక్షరం కలవడం) ముందు అక్షరం దగ్గరే తేలిపోయింది. ఛందస్సు మీకు సాక్ష్యానికి రాదు.

ఛందోదాసు: వెనకాడకపోవడం, బాధపడకపోవడం ఒకటేగా.

పాతపుస్తకం: ఎలా ఒకటవుతుంది? వెంటనే తీసి ఇచ్చేసి, రాత్రంతా నిద్రపోనివాళ్లని చూశాను.

అరసున్న: అసలు చిక్కు ఇద్దరూ వదిలేశారు. తాను ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని తర్వాతి 'క'ని 'గ' చేసే సరళాదేశం చేస్తే "తాఁ గొంకక" కావాలి. అప్పుడు ఆకొ, సోకో, తేకు మధ్య గొ వచ్చి పడుతుంది. ప్రాస గోవిందా.

నల్గొండ తమ్ముడు: మరి "తా చెడ్డ కోతి" అంటం కద సార్?

అరసున్న: పుస్తకాల్లో అదీ "తాఁ జెడ్డ కోతే" తమ్ముడూ.

గోదారిగట్టు: అక్కడ తాను ఉందని ఎవరన్నారు? తాకు + ఒందక అని విడదీయండి. ఒందు అంటే పొందు. తాకు అంటే దెబ్బ. ఇచ్చాక మనసుకి దెబ్బ తగలనివాడు దాత. ద్రుతం గొడవే లేదు. కింది పాదం "సోకోర్చువాడె మనుజుడు"లో సోకు + ఓర్చు ఉంది చూడండి. పైన తాకు, కింద సోకు, జోడు కుదిరింది. ఇది నా ఊహే, ఏ వ్యాఖ్యానంలోనూ వెతక్కండి.

ఛందోదాసు: జోడు ముచ్చటగానే ఉంది. కానీ పట్టెడన్నం పెట్టినవాడికి దెబ్బేమిటండీ?

గోదారిగట్టు: తనకే లేనప్పుడు పెడితే దెబ్బే. రంతిదేవుణ్ణి అడగండి.

బమ్మెర దారి: ఆ పేరెత్తాక నేను ఊరుకోలేను. పోతన భాగవతం, నవమ స్కంధం. రంతిదేవుడనే రాజు ఇంటిల్లిపాదికీ 48 రోజులు తిండీ నీళ్లూ లేవు. ఆ తర్వాత కాస్త నెయ్యి, పాయసం, నీళ్లు దొరికితే, తినబోయే వేళకి ఒకరి వెనక ఒకరు అతిథులు. చివరికి మిగిలినవి ఒక్కరికి సరిపడే నీళ్లు. అప్పుడొచ్చాడు పుల్కసుడు, అప్పటివాళ్లు అంటరానివాడన్న మనిషి. "అన్నము లేదు కొన్ని మధురాంబువు లున్నవి త్రావుమన్న! రావన్న!" అంటాడు రాజు. లేనిది ముందు చెప్పి, ఉన్నదాన్ని "మధుర" అన్నాడు. మీ ఇంటి అలవాటుకి ఈ పద్యమే సరి అమ్మా.

అరసున్న: "రా" పై పాదంలో, "వన్న" కింది పాదంలో. పిలుపు మధ్యలో పాదం విరిగింది. గొంతెండిపోయిన మనిషి మాట అలాగే వస్తుంది.

ఛందోదాసు: విరిగింది ప్రాస కోసం స్వామీ. గొంతు కోసం కాదు.

బమ్మెర దారి: రెండూ ఒకే దెబ్బకి సాధించకపోతే పోతన ఎందుకవుతాడు?

కారప్పూస: పాపం ఆవిడ అడిగిందేమిటి, మీరు చెప్పేదేమిటి! ఇంట్లోవాళ్లకి థాంక్స్ చెప్పడం మనకి ఎబ్బెట్టు. మా అమ్మమ్మయితే "నీ కడుపు చల్లగా" అనేది. విస్తరి ముందు నుంచి లేస్తూ "అన్నదాతా సుఖీభవ" అన్నా అంతే, దీవించేస్తాం. పిల్లలకి అది నేర్పండి.

ఛందోదాసు: సుఖీభవ ఒక మాటా రెండా అని ఎవరూ మొదలుపెట్టకండి, దయచేసి.

అరసున్న: ఒకటే. సంస్కృతంలో 'అలా అవడం' చెప్పే చ్వి ప్రత్యయంతో కలిసిన మాట. మొదలుపెట్టింది మీరే.

నల్గొండ తమ్ముడు: సోకోర్చువాడె అంటే కొడుకు సోకులు ఓర్చుకునే తండ్రి అనుకున్న ఇన్నేండ్లు.

పాతపుస్తకం: గాలి సోకింది, కరోనా సోకింది అంటాం చూడు, ఆ సోకు. మీద పడ్డ ఆపద.

వేపచెట్టు వీధి: మా ఇంట్లో ఆ పాదం ఎవరూ తప్పు చదవరు లెండి. రాత్రి అన్నాల దగ్గర ఇవన్నీ చెప్పాను. పిల్లలకి తాకు-సోకు నచ్చింది. మామయ్యగారికి నచ్చలేదు. వాళ్ల మాస్టారు "తా కొనక" అనేవారని ఇప్పుడు గుర్తొచ్చిందట. తాను తీసుకోకుండా ఇచ్చేవాడని అర్థమట.

ఛందోదాసు: ఒక మాత్ర తగ్గుతుంది. కుదరదు.

గోదారిగట్టు: "తాకొనకే యిచ్చువాడె" అనండి, సరిపోతుంది.

ఛందోదాసు: లెక్క వేశాను, సరిపోయింది. మామయ్యగారి పాఠాంతరం అని రాసుకోండి. నేను మాత్రం కొంకకే.