కోవిడ్ నాటి బకాయి ఇప్పుడు వసూలవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారికి బస్సులు, లారీలకు బాడీలు కట్టే చిన్న షెడ్డు ఉంది. 2020 మొదట్లో ఒక ప్రైవేటు స్కూలు బస్సులకు తుప్పు రేకులు మార్చి, సీట్లు బిగించి, పసుపు రంగు వేసి ఇచ్చాం. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. బస్సులు కదల్లేదు, ఫీజులు రాలేదంటూ స్కూలువాళ్లు మా డబ్బు ఆపారు. నిజమే, వాళ్ల కష్టం వాళ్లది. కానీ రేకుల కొట్టు బాకీ, వెల్డర్ల కూలీ మాకు ఆగలేదు. కేంద్రం హామీతో పాత రుణంపై ఇచ్చిన 20 శాతం అదనపు అప్పు తీసుకుని నెట్టుకొచ్చాం. అది వడ్డీతో సహా కట్టేశాం.

స్కూలువాళ్లు 2023లో కొంత మొత్తానికి చెక్కు ఇచ్చారు. మిగతాది అడిగితే "చూద్దాం" అంటారు. నాన్నగారికి గొడవలంటే భయం, నాకేమో ఆయన కష్టార్జితం వదలబుద్ధి కావడం లేదు.

2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం చెల్లింపు 45 రోజులు దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ ఇవ్వాలి కదా. ఇలాంటి బకాయిల కోసం కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడదామనుకుంటున్నా. అప్పట్లో మాకు ఉద్యోగ్ ఆధార్ (చిన్న పరిశ్రమల పాత రిజిస్ట్రేషన్) ఉంది, దాని బదులు వచ్చిన ఉద్యమ్‌కు తర్వాత మారాం. ఆ పాత రిజిస్ట్రేషన్ చెల్లుతుందా? రేకులూ కూలీ రెండూ మావే కాబట్టి ఇది వర్క్స్ కాంట్రాక్ట్ (సరుకూ పనీ కలిపిన ఒప్పందం), ఈ చట్టం కిందకు రాదని తోసిపుచ్చుతారా? బాకీ కోసం కేసు వేయడానికి ఉండే మూడేళ్ల గడువును 2023 చెక్కు నుంచి మళ్లీ లెక్కిస్తారా? ఇలా ఈ ఫిర్యాదులు విచారించే కౌన్సిల్‌కు వెళ్లినవాళ్లు ఉంటే, ఏ కాగితాలు అడిగారో, డబ్బు చేతికి రావడానికి ఎంతకాలం పట్టిందో దయచేసి చెప్పండి.