కోర్టు పంపిన క్లయింట్ మళ్లీ మత్తు వాడితే, కేస్‌వర్కర్ ఆ సంగతి కోర్టుకు రాయాలా?

గీత_ఎక్కడ
అమెరికాలో డ్రగ్ కోర్టు, మెంటల్ హెల్త్ కోర్టు (మత్తు అలవాటో మానసిక జబ్బో ఉన్న నిందితుల్ని జైలుకు బదులు చికిత్సలో పెట్టి పర్యవేక్షించే కోర్టులు) కేసుల్లోని మనుషుల్ని చికిత్సకు చేర్చే కేస్‌వర్కర్ల టీములు చూస్తున్నవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. నా వాదన ఇది. కోర్టుకు వెళ్లే రిపోర్టులో హాజరు ఎంత, చికిత్స సాగుతోందా లేదా, తర్వాత ఏం చేయబోతున్నాం అన్నవే ఉండాలి. "మొన్న వాడాను" అని క్లయింట్ నోటితో చెప్పిన మాట, కౌన్సెలింగులో బయటపడ్డ సంగతులు ఉండకూడదు. ఈ గీత సూపర్‌వైజరే గీయాలి. ఒకే టీములో ఒకరు అన్నీ రాసి, ఇంకొకరు ఏదీ రాయకపోతే, ఆ మనిషి ఇంట్లో ఉంటాడా జైలుకు వెళ్తాడా అన్నది ఏ కేస్‌వర్కర్ దగ్గర పడ్డాడన్న దాన్ని బట్టి తేలుతుంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

కోర్టుమెట్లు
నేను కాదంటాను. 1989లో మయామీలో మొదటి డ్రగ్ కోర్టు పెట్టినప్పటి నుంచీ పద్ధతి అదే: జడ్జి, ప్రాసిక్యూటర్, డిఫెన్స్ లాయరు, చికిత్స వాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే సమాచారం చూడాలి. హాజరు ఒక్కటే చూపిస్తే జడ్జికి సగమే కనిపిస్తుంది. ఒక్క గ్రూపు కూడా మానకుండా వచ్చే మనిషే ఫెంటనిల్ అనే చాలా బలమైన మత్తుమందు వాడుతూ ఉండొచ్చు. జడ్జి అతన్ని మెచ్చుకుని పంపుతాడు, పది రోజులకు ఓవర్‌డోస్ అవుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్లపై 2007లో వచ్చిన అధ్యయనం చూడండి. మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్ చావు ముప్పు మిగతా జనంతో పోలిస్తే 129 రెట్లు. లోపల ఉన్నన్నాళ్లూ శరీరం ఆ మోతాదుకు అలవాటు తప్పిపోతుంది, బయటికొచ్చాక పాత మోతాదే ప్రాణం తీస్తుంది. అలాంటప్పుడు గోప్యత పేరు చెప్పి కోర్టు కళ్లు కట్టేయడం ఏమిటి?

సంతకం_ముందు
గోప్యత పేరు చెప్పడం కాదండీ, చట్టం. మాదకద్రవ్య చికిత్స రికార్డులకు 42 సీఎఫ్‌ఆర్ పార్ట్ 2 అనే ఫెడరల్ గోప్యత నియమం వర్తిస్తుంది. ఫెడరల్ సాయం అందే చికిత్స కేంద్రం కోర్టుకు, ప్రొబేషన్‌కు (షరతుల మీద బయట ఉన్నవాళ్లను చూసే విభాగానికి) ఏదైనా చెప్పాలంటే క్లయింట్ రాతపూర్వక సమ్మతి ఉండాలి. ఒట్టి సబ్‌పీనా (రికార్డులో సాక్ష్యమో ఇవ్వమని వచ్చే నోటీసు) చాలదు, ప్రత్యేక కోర్టు ఉత్తర్వు కావాలి.

సూపర్‌వైజర్లు ఫైలు తెరిస్తే తరచూ దొరికే తప్పు ఒకటుంది. 2024 సవరణ తర్వాత చికిత్స, బిల్లింగ్, నిర్వహణ పనులకు ఒకే సమ్మతి చాలు. దాన్ని చూసి కోర్టుకూ అదే చాలనుకుంటారు. చాలదు. చికిత్స శిక్షలోనో విడుదలలోనో షరతుగా ఉన్న కేసులకు అదే పార్ట్ 2లోని సెక్షన్ 2.35 కింద సమ్మతి వేరు. కేసు పర్యవేక్షణకు ఆ సమాచారం అవసరమైనవాళ్లకే అది వెళ్లాలి. సమ్మతిని ఎప్పటి నుంచి ఉపసంహరించుకోవచ్చో ఫారంలోనే ఉండాలి. ఆ గడువు ఆ షరతు మీద తుది నిర్ణయం దాటి పోకూడదు. అందుకున్నవాళ్లు ఆ కేసుకు సంబంధించిన తమ విధుల కోసమే వాడాలి. అదే వివరాలను ఆ మనిషి మీద ఇంకో నేరం మోపడానికి తిప్పితే అది ఉల్లంఘనే.

'కోర్టుకు ఏమిటి వెళ్తుంది' అన్న గడిలో "అన్ని రికార్డులు" అని నింపిన సమ్మతి నా లెక్కలో పనికిరాదు. హాజరు, పరీక్ష ఫలితం, చికిత్స స్థాయి, అని విడివిడిగా రాయించాలి. ఒక్కో గడి చదివి వినిపించాకే సంతకం పెట్టించాలి.

ల్యాబ్_కిటికీ
పరీక్ష ఫలితాల మీద రెండు మాటలు, ఎందుకంటే వాటిని అందరూ తిరుగులేని నిజం అనుకుంటున్నారు. మూత్రం కప్పులో చేసే ఇమ్యునోఅస్సే పరీక్ష స్క్రీనింగ్ మాత్రమే, అంటే పైపైన చూసే తొలి వడపోత. డిప్రెషన్‌కు ఇచ్చే బుప్రోపియాన్, నిద్రకు ఇచ్చే ట్రాజడోన్ దాంట్లో యాంఫెటమైన్ అనే ఉత్తేజక మత్తుమందులా కనబడొచ్చు. మానసిక జబ్బుకు ఇచ్చే క్వెటియాపైన్, ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే మెథడోన్‌లా కనబడొచ్చు. మానసిక వైద్యం తీసుకునే క్లయింట్లు వాడే మందులే ఇవన్నీ! ఇంకోవైపు, మార్ఫిన్, హెరాయిన్ లాంటివి పట్టే మామూలు ఓపియేట్ స్ట్రిప్‌కు ఫెంటనిల్ అందదు, దానికి వేరే స్ట్రిప్ కావాలి. మూత్రంలో సహజంగా ఉండే క్రియాటినిన్ డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే నమూనా పలచబడిందని అర్థం. మోసం చేశాడని మాత్రం కాదు, నీళ్లు ఎక్కువ తాగినా అలాగే వస్తుంది. మద్యం జాడ చూసే ఈటీజీ పరీక్షలో కటాఫ్ బాగా తక్కువ పెడితే హ్యాండ్ శానిటైజర్ వల్ల కూడా పాజిటివ్ రావచ్చు. క్లయింట్ ఒప్పుకోనప్పుడు మాస్ స్పెక్ట్రోమెట్రీ (పదార్థాన్ని కచ్చితంగా గుర్తించే ల్యాబ్ పరీక్ష) నిర్ధారణ వచ్చేదాకా 'పాజిటివ్' అన్న మాట కోర్టు కాగితం మీద పడకూడదు.

కోర్టుమెట్లు
నిర్ధారణ సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ ల్యాబ్ నుంచి అది రావడానికి రోజులు పడుతుంది. ఏ స్పందనైనా వెంటనే ఉంటేనే పనిచేస్తుంది, మూడు వారాల తర్వాత వేసే శిక్షకు ఆ మనిషి మనసులో దేనితోనూ ముడి ఉండదు.

గీత_ఎక్కడ
స్పందన వెంటనే ఉండాలి, సరే. అది శిక్షే కావాలా? వ్యసనం ఇంకా అదుపులోకి రాని మనిషికి వాడకం మానడం దూరపు లక్ష్యం, అపాయింట్‌మెంటుకు రావడం దగ్గరి లక్ష్యం. డ్రగ్ కోర్టుల జాతీయ ప్రమాణాలు కూడా చెప్పేది ఇదే: వాడకానికి స్పందనగా చికిత్సను మార్చండి, శిక్షలు చేతనైన పని చేయనప్పటికి ఉంచండి. చికిత్స మార్చడానికి జడ్జి అక్కర్లేదు, ఆ మధ్యాహ్నమే క్లినిక్‌కు ఫోన్ చేస్తే చాలు.

వారం_ఫైళ్లు
అసలు గొడవ 'రాలేదు' అన్న ఒక్క పదంతో మొదలవుతుంది. సూపర్‌విజన్‌లో నేను ముందు పట్టుకునేది దాన్నే. ఒక నమూనా చూడండి. "క్లయింట్ ఇన్‌టేక్‌కు రాలేదు. సహకరించడం లేదు." ఇన్‌టేక్ అంటే చికిత్సలో చేర్చుకునే మొదటి భేటీ. ఇందులో మొదటి వాక్యం వాస్తవం, రెండోది తీర్పు. రెండో వాక్యం కొట్టేయించి అడగాల్సినవి: అపాయింట్‌మెంట్ టైము క్లయింట్‌కు ఎవరు, ఎలా చెప్పారు? ఆ నంబరు ఇంకా పనిచేస్తోందా? అదే గంటకు ప్రొబేషన్ ఆఫీసులో కూడా రమ్మన్నారా? జైల్లో ఆగిపోయిన మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) మళ్లీ మొదలైందా, లేక క్లినిక్ గుమ్మంలోనే కార్డు పనిచేయక వెనక్కి పంపారా? ఈ చివరిది జరిగితే మనిషి వచ్చినా కంప్యూటర్లో 'రాలేదు' అనే పడుతుంది.

రిఫరళ్ల సంఖ్యతో కేస్‌వర్కర్‌ను కొలిస్తే ఫ్యాక్సులు పెరుగుతాయి గానీ మనుషులు చేరరు. మొదటి అపాయింట్‌మెంటుకు ఎంతమంది నిజంగా వెళ్లారు, రెండోదానికి ఎంతమంది నిలిచారు, విడుదలకూ మొదటి మందు డోసుకూ మధ్య ఎన్ని రోజులు: నేను చూసే అంకెలివి. ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే బుప్రెనార్ఫిన్ మందు మీద ఉన్న మనిషికి శుక్రవారం సాయంత్రం విడుదలై సోమవారం దాకా ప్రిస్క్రిప్షన్ లేకపోతే, ఆ రెండు రోజుల్లో జరిగేదానికి ఏ రిపోర్టూ అడ్డుపడదు.

కోర్టుమెట్లు
మరి ప్రాణాపాయం ఉన్నప్పుడు? వాడానని చెప్పాడు, చచ్చిపోవాలనుందన్నాడు. అప్పుడు కూడా నోరు మెదపకూడదా?

గీత_ఎక్కడ
మెదపాలి, వెంటనే మెదపాలి. కానీ ఆ మాట వైద్యానికి చేరాలి. కేస్‌వర్కర్ ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా సూపర్‌వైజర్‌కు ఫోన్ చేయాలి. ఆ వేళకు ఏ సూపర్‌వైజర్ ఎత్తాలో రోస్టర్లో ఉండాలి. తర్వాత 988 (ఆత్మహత్య, మానసిక సంక్షోభ హెల్ప్‌లైన్) గానీ, ఇంటి దగ్గరికే వచ్చే స్థానిక మొబైల్ క్రైసిస్ టీము గానీ, ప్రాణం మీదికొస్తే అత్యవసర నంబరు 911 గానీ పిలవాలి. చేతిలో ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌కు విరుగుడైన నలాక్సోన్ పెట్టి పంపాలి, ఇంట్లోవాళ్లకూ వాడటం చూపించాలి. అత్యవసర వైద్యానికి సమ్మతి లేకుండానే సమాచారం ఇవ్వడానికి పార్ట్ 2 కూడా ఒప్పుకుంటుంది, ఎవరికి ఏం చెప్పారో రికార్డు చేయాలంతే. జడ్జికి అదే మాట వెళ్తే వారెంట్ పుట్టొచ్చు, మళ్లీ జైలు, మళ్లీ అలవాటు తప్పడం. మీరు చెప్పిన ఆ రెండు వారాలు మళ్లీ మొదటికొస్తాయి.

సంతకం_ముందు
ఒక చిక్కు మిగిలింది. విచారణలో జడ్జి నేరుగా కేస్‌వర్కర్ వైపు తిరిగి "ఇంకా వాడుతున్నాడా?" అని అడుగుతారు. అక్కడ ఆలోచించుకునే టైము ఉండదు. చెప్పాల్సిన వాక్యం ముందే సూపర్‌విజన్‌లో సాధన చేయించండి: "సమ్మతి పత్రంలో ఉన్నంతవరకు రిపోర్టులో ఇచ్చాం సర్, అంతకుమించి చెప్పడానికి నాకు అనుమతి లేదు." డిఫెన్స్ లాయరుకు కూడా ఈ వాక్యం ముందే తెలిసి ఉంటే అభ్యంతరం లేవనెత్తాల్సిన పని ఆయన చూసుకుంటారు.

కోర్టుమెట్లు
ఆ వాక్యం విని మా జడ్జికి కోపం వస్తుంది. అయినా ఆయన చాంబర్లో ముందే ఒకసారి కూర్చుని, రిపోర్టులో ఏ గడులుంటాయో చూపించి ఒప్పించండి. పరీక్ష ఫలితం గడి మాత్రం ఉండాల్సిందే, నిర్ధారణ అయినదే సరే. దాని మీద నేను వెనక్కి తగ్గను.