ఇంటి సామానుతో లూపు సంగీతం: అతుకు దగ్గర టిక్కు, ఇతర చిక్కులు

కొర్లగుంట శ్రోత
తిరుపతిలో ఉంటాను. స్టీలు బిందె, రోలు, ఇత్తడి పళ్లెం వంటి వాటి శబ్దాలను ఫోనులో రికార్డు చేసి, కంప్యూటరులో శబ్దాలను కోసి కూర్చే ఆడాసిటీ అనే ప్రోగ్రాములో ముక్కలుగా కోసి, లూపులుగా (ఒకే ముక్క మళ్లీ మళ్లీ వచ్చేలా) తిప్పి సంగీతం చేస్తున్నాను. రెండు చిక్కులు తేలడం లేదు. లూపు మొదటికి తిరిగిన ప్రతిసారీ సన్నగా టిక్కుమంటుంది, పైగా బిందె మోత సగంలో తెగిపోయినట్టు ఉంటుంది. రెండోది, అర నిమిషం దాటేసరికి నాకే విసుగు పుడుతోంది. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

చంద్రగిరి తాళం
ముక్క మొదలూ చివరా తరంగం ఎత్తు కలవనందువల్ల టిక్కు వస్తుంది. రెండు అంచులనూ తరంగం సున్నా గీతను దాటే చోటనే కోయాలి. ఆడాసిటీలో ఆ భాగాన్ని ఎంచుకుని జెడ్ మీట నొక్కితే అంచులు అటువంటి చోటికి జరుగుతాయి. మోత తెగడం వేరే సంగతి, దానికి మందు కోతలో లేదు, వాయించడంలో ఉంది. అదే వరుసను ఆపకుండా మూడుసార్లు వాయించి నడిమిదాన్ని తీసుకోండి. మొదటి చుట్టులోని చివరి దెబ్బ మోత రెండో చుట్టు మొదట్లోకి పారి ఉంటుంది కాబట్టి, దాన్ని ఎంతసేపు తిప్పినా చెవికి అతుకు తెలియదు.

విసుగుకు కారణం, లూపులన్నీ ఒకే పొడవు ఉండటమేనని నా అనుమానం. బిందెను ఆది తాళపు ఎనిమిది అక్షరాలకూ (తాళపు లెక్కలకూ), రోలును మిశ్ర చాపు ఏడింటికీ తిప్పి చూడండి. 56 అక్షరాలు గడిస్తే తప్ప రెండూ మళ్లీ ఒకచోట మొదలు కావు. పళ్లేన్ని ఖండ చాపులో అయిదుకు తిప్పితే ఆ కలయిక 280వ అక్షరం ముగిశాక వస్తుంది. నిమిషానికి 60 అక్షరాల నడకలో అది 4 నిమిషాల 40 సెకన్లు. మీరు కొత్తగా ఏమీ వాయించనక్కరలేదు.

చిత్తూరు టంకం
ఫోను మైకు గాలిలోని శబ్దాన్ని పడుతుంది కనుక ఫ్యానూ, పక్కింటి మిక్సీ కూడా అందులో పడతాయి. బజర్లలో ఉండే పియెజో బిళ్లకు (కదలికను విద్యుత్తుగా మార్చే పలచని బిళ్ల) రెండు తీగలు అతికి బిందెకు అంటిస్తే లోహపు కదలిక మాత్రమే వస్తుంది. నడిమి తెల్లటి భాగానికి టంకం వేడి ఎక్కువసేపు తగలనివ్వకండి, పూత లేచిపోతుంది.

చాలామంది దాన్ని నేరుగా మైకు రంధ్రానికి తగిలించి, శబ్దం రేకు డబ్బాలా ఉందని పారేస్తారు. అది బిళ్ల తప్పు కాదు. బిళ్ల కెపాసిటర్‌లా పనిచేస్తుంది. 20 నానోఫారడ్ల బిళ్లను 10 కిలోఓముల ఇన్‌పుట్‌కు కలిపితే సుమారు 800 హెర్ట్‌జ్ కింద ఉన్నదంతా తగ్గిపోతుంది, అదే 1 మెగాఓము అయితే ఆ హద్దు 8 హెర్ట్‌జ్‌కు దిగుతుంది. అందుకే ఆడియో ఇంటర్‌ఫేసులో (మైకు, వాద్యాలను కంప్యూటరుకు కలిపే పెట్టె) గిటారు కోసం ఇచ్చిన, ఓములు ఎక్కువగా ఉండే ఇన్‌పుట్ వాడండి.

పలమనేరు కుండ
ఫ్యాను శబ్దాన్ని అంతగా వెలివేయనక్కరలేదని నా అభిప్రాయం. ఫ్రెంచి సంగీతకారుడు పియరీ షేఫర్ 1948లో పారిస్‌లో రైలు శబ్దాలనే కోసి కూర్చి సంగీతం అన్నాడు. రేణిగుంట స్టేషను పక్కనే ఉన్న మనం ఫ్యానుకు భయపడటం ఏమిటి? (మా వీధి మైకులో సుప్రభాతం మొదలైతే మాత్రం రికార్డింగుకు ఆ పూట సెలవే.) నాయిస్ రిడక్షన్ (అక్కరలేని మోతను తగ్గించే ఆడాసిటీ సదుపాయం) గట్టిగా వాడితే శబ్దం నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది, లూపులో ఆ లోపం ప్రతి చుట్టులోనూ పలుకుతుంది. ఖాళీ గది శబ్దాన్ని కొన్ని నిమిషాలు విడిగా రికార్డు చేసి, కోయకుండా అన్నింటికీ అడుగున పరిస్తే లూపుల మధ్య తేడాలు మరుగున పడతాయి.

శ్రుతి విషయం కూడా చూసుకోండి. జలతరంగం గిన్నెలో నీళ్లు పెరిగేకొద్దీ దెబ్బకు వచ్చే స్వరం దిగుతుంది, సీసా మూతి మీద ఊదితే మాత్రం నీళ్లు పెరిగేకొద్దీ స్వరం ఎక్కుతుంది. ఈ రెండూ కలిపి వాడేవారు నీళ్లు పోసే ముందే తంబుర యాప్ పెట్టుకోవడం మేలు.

కొర్లగుంట శ్రోత
టంకం గారూ, బిళ్లను దేనితో అంటించాలి? రోలుకు కూడా పనిచేస్తుందా?

చిత్తూరు టంకం
రెండువైపులా అంటుకునే టేపు చాలు, బిందె భుజం మీద అంటించండి. రోలుకు వద్దు, రాయిలో పొడి దెబ్బ తప్ప మోత రాదు. రోకలి కర్రకు అంటించి చూడండి.