నాటికలు రాసే చేయి డైలీ సీరియల్‌లో నిలబడుతుందా? (చర్చ)

నకిరేకల్ రంగస్థలం
అందరికీ నమస్కారం. నేను నాటక పరిషత్తుల పోటీలకు నాటికలు రాస్తాను, ఉత్తమ రచన బహుమతి కూడా అందుకున్నాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక డైలీ సీరియల్ మాటల రచయిత దగ్గర సహాయకుడిగా రమ్మని పిలుపు వచ్చింది. రంగస్థలం నుంచి టీవీకి వెళ్లినవారు, వెళ్లి తిరిగి వచ్చినవారు మీ అనుభవం చెప్పండి. సొంత కథను సొంతంగా నిర్మించే స్థాయికి ఈ దారి చేరుస్తుందా, లేక చివరిదాకా ఇతరుల కథలకు మాటలు రాయడమేనా? నాకు కావలసిన సమాధానం ఇదే.

పాలమూరు మాటల రచయిత
వెళ్లు తమ్ముడూ. కానీ పని ఎలా ఉంటుందో తెలుసుకుని వెళ్లు. డైలీ సీరియల్‌లో కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే మరొకరిది, మాటలు ఇంకొకరివి. నీ చేతికి సీన్ ఆర్డర్ వస్తుంది. ఎవరెవరు ఉన్నారు, ఎవరికి ఏ సంగతి తెలుస్తుంది, సీన్ ఎక్కడ ఆగాలి అన్నవన్నీ అందులో ముందే ఖాయమై ఉంటాయి. అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా మనకు మిగిలేది ఇరవై రెండు నిమిషాలకు అటూ ఇటూ. ప్రకటనల విరామానికి ముందు ఒక ముడి వేయాలి, చివర్లో రేపటిదాకా ఆగే ముడి వేయాలి. నాటికలో వేసిన ముడిని గంటలోపే విప్పేస్తావు. ఇక్కడ దాన్ని నెలల తరబడి విప్పకుండానే, జనానికి విసుగు రాకుండా నడపాలి.

గురువారం రేటింగులు వస్తాయి. అంకె పడిపోతే నువ్వు ప్రేమగా పెంచిన పాత్ర మరుసటి వారం ఊరు విడిచిపోతుంది. నటి కాల్‌షీటు కుదరలేదని పొద్దున్నే కబురొస్తే, ముఖాముఖి సీన్‌ను ఫోను సీన్‌గా మార్చి మేకప్ పూర్తయ్యేలోపు ఇవ్వాలి. ఇక్కడ నాటకం చేసినవారికి ఒక బలం ఉంది. ఒకే హాలులో నలుగురిని నిలబెట్టి, ఎవరినీ కదిలించకుండా గొడవ పెంచడం మనకు చేతనైన పని. లొకేషన్ మారితే ఖర్చు కాబట్టి సీరియల్ వాళ్లకు కావలసిందీ అదే. నన్ను ఆ రంగంలో నిలబెట్టింది పరిషత్తు నాటికే.

మిర్యాలగూడ నాటక సమాజం
నేను వెళ్లి తిరిగి వచ్చినవాడిని, నాయనా. డబ్బు విషయంలో నాకు ఫిర్యాదు లేదు. నా బాధ వేరు. మన జిల్లా నుంచి వచ్చిన తల్లి పాత్రకు మన ఇళ్లలో వినబడే మాట రాశాను. ‘పనిమనిషికైతే బాగుంటుంది, కథానాయిక తల్లికి వద్దు’ అని కొట్టేశారు. ఏ ఛానలో చెప్పను. ఈ నేల మీద పుట్టిన భాష నవ్వు పుట్టించడానికి తప్ప కన్నీళ్లకు పనికిరాదంటే నాకు ఈనాటికీ కడుపు మండుతుంది. నువ్వు వెళ్లాక ఆ తల్లి పాత్ర కోసం గట్టిగా అడుగు. ఇప్పుడు వినే చెవులు కొంత పెరిగాయి.

వనపర్తి అధ్యాపకురాలు
డిగ్రీ విద్యార్థులకు ఆధునిక నాటకం చెబుతాను కాబట్టి బయటి సంగతి ఒకటి. అమెరికాలో రచయితగా చేరినవారే ఎపిసోడ్లు రాస్తూ మెట్లెక్కి, సీరియల్ మొత్తాన్ని నడిపించే ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ కాగలరు. పెట్టుబడి స్టూడియోది, కథను నడిపించేది రచయిత. అలన్ బాల్ న్యూయార్క్‌లో నాటకాలు రాసి, 1990లలో ఇతరుల కామెడీ సీరియళ్లలో పనిచేశారు. 1999లో వచ్చిన సినిమా స్క్రిప్టుకు ఆస్కార్ అందుకున్నాక, 2001లో శవసంస్కారాల వ్యాపారం చేసే కుటుంబం మీద ‘సిక్స్ ఫీట్ అండర్’ సృష్టించి, ఐదు సీజన్లు తానే నడిపించి 2005లో ముగించారు.

ఆరన్ సోర్కిన్ కథ ఇంకో రకం. 1989లో బ్రాడ్‌వేలో నాటకంతో పేరు తెచ్చుకుని, 1999లో ‘ది వెస్ట్ వింగ్’ సీరియల్ మొదలుపెట్టారు. నాలుగు సీజన్లలో దాదాపు ప్రతి ఎపిసోడూ ఆయన రాసినదే. 2003లో ఆయన తప్పుకున్నారు, సీరియల్ మాత్రం ఆయన లేకుండా మరో మూడు సీజన్లు, 2006 దాకా నడిచింది. అంతటివాడు సృష్టించినదైనా టీవీలో అది రచయిత సొత్తు కాదు. నాటకం అలా కాదు కదా.

గద్వాల ప్రొడక్షన్
మేడమ్ చెప్పిన మెట్లు మన దగ్గర లేవండి. ఇక్కడ నిర్మాత అంటే డబ్బు తిప్పగలిగినవాడు. ఎపిసోడ్‌కు ఇంత అని ఛానల్ ఖాయం చేస్తుంది, కానీ అది చేతికి వచ్చేదాకా యూనిట్ బత్తాలు, భోజనాలు, లైట్ల అద్దె, బంగళా అద్దె మనమే భరించాలి. నేను పనిచేసిన చోట రచయితే నిర్మాతగా మారారు. కథ బాగుంది, రేటింగూ బాగుంది. బిల్లులు ఆలస్యమై వడ్డీలు పెరిగేసరికి భాగస్వామికి అప్పగించి పక్కకు జరిగారు. పాత దూరదర్శన్ రోజుల్లో 13 ఎపిసోడ్ల కథ ఆమోదం పొందితే చిన్న బృందం కూడా తీయగలిగేది. 1995లో ప్రైవేటు ఛానళ్లు వచ్చి, ఆ తరువాత రోజూ వచ్చే సీరియళ్లు పెరిగాక ఆ లెక్కే మారిపోయింది.

పాలమూరు మాటల రచయిత
గద్వాల అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. అందుకే తమ్ముడూ, మాటల దగ్గరే ఆగిపోకు. ఏడాది తిరిగేలోపు కథా చర్చల్లో కూర్చునే అవకాశం అడుగు. ఎడిటింగ్ గదిలో నిలబడు, నీ సీన్‌లో ఏది కోస్తున్నారో చూడు. ఇప్పుడు ఓటీటీలకు తక్కువ ఎపిసోడ్ల కథలు కావాలి, మొదలూ చివరా ఉన్న కథ రాయడం నాటక రచయితకు అలవాటైన పనే.

నకిరేకల్ రంగస్థలం
అందరికీ ధన్యవాదాలు. నా పాత నాటిక ఒకటి సీరియల్ వాళ్లు చదివి, ‘దీన్ని ట్రాక్‌గా వాడుకుందాం’ అన్నారు, అంటే సీరియల్‌లో ఒక ఉపకథగా. ఒప్పుకోవచ్చా?

నల్లగొండ న్యాయవాది
నోటిమాట మీద ఇవ్వకండి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లకే పరిమితం, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే. హక్కులు ఇచ్చేసినా రచయిత తానేనని చెప్పుకునే హక్కు మీకే ఉంటుంది. జీతం మీద ఉద్యోగిగా చేరితే, వేరే ఒప్పందం లేనంతవరకు అక్కడ రాసినది యజమానిదవుతుంది. కాబట్టి చేరకముందే రాసిన నాటికల జాబితా, తేదీలతో సహా, ఒప్పందానికి జతచేయించండి. టీవీకి మాత్రమే ఇస్తున్నాననీ, రంగస్థల ప్రదర్శన హక్కు నాదేననీ ఒక వాక్యం వేరుగా రాయించండి. కాగితం వచ్చాక సంతకం చేయకముందు నాకు సందేశం పెట్టండి, చదివి చెబుతాను.