మంచు పట్టింది, మంచు పడింది: ఒక సందేహం

ఇక్కడ అమెరికాలో, మా ఎడిసన్‌లో నిన్న సాయంత్రం మంచు మొదలైంది, ఇంకా పడుతూనే ఉంది. బడికి సెలవిచ్చారు. వాకిట్లో కారేదో పొదేదో తెలియడం లేదు. పొద్దున పెసరట్లు వేశాను, మధ్యాహ్నం మిరపకాయ బజ్జీలు. ఈ సందేహం బజ్జీల దగ్గరే పుట్టింది.

మా అత్తగారు తెనాలి నుంచి ఫోన్ చేసి మనవడితో, "మంచులో తిరగకు నాన్నా, జలుబు చేస్తుంది. ఇక్కడా పొద్దున్నే మంచు పడుతోంది" అన్నారు. మోకాళ్ల లోతు మంచులో ఆడి అప్పుడే లోపలికొచ్చిన వాడు కళ్లు పెద్దవి చేసుకుని, "నాయనమ్మ ఇంటి ముందు కూడా పార పెట్టి ఎత్తాలా?" అని అడిగాడు.

తెలుగులో అన్నిటికీ ఒక్క 'మంచు'యేనని ఇదివరకు ఈ వేదికలో కొందరు బాధపడ్డారు. పేర్లు కావాలంటే సంస్కృత నిఘంటువు అమరకోశం ఒక్క వరసలో అవశ్యాయం, నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం, మిహిక అని ఇచ్చేసింది. కానీ అన్నీ పర్యాయపదాలే, ఏది ఏ రకమో చెప్పవు. నాకు నచ్చింది ఆ వెంటనే వచ్చే 'హిమాని'. మంచు రాశి అని అర్థం. 2016 జనవరి తుపానులో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 27.5 అంగుళాలు పేరుకుంది చూడండి, అదీ హిమాని అంటే.

అసలు తేడా మన క్రియలో ఉందని నాకనిపిస్తోంది. చెమట పట్టింది, బూజు పట్టింది, తుప్పు పట్టింది. ఇవేవీ పైనుంచి రాలిపడేవి కావు, ఉన్నచోటే పుట్టేవి. అలాగే 'ఆకులకు మంచు పట్టింది' అంటాం. గాలిలో తేమ చల్లని ఆకును తాకి అక్కడే నీటిబొట్టవుతుంది, చన్నీళ్ల గ్లాసుకు చెమట పట్టినట్టే. ఇక్కడిది మాత్రం మేఘంలో స్ఫటికంగా పుట్టి నేల మీదకి రాలేది, అందుకని 'మంచు పడింది'. తర్వాత నెయ్యిలా పేరుకుంటుంది, రాత్రికి గడ్డకడుతుంది. చిక్కల్లా వర్తమానంలోనే: పట్టేదీ 'పడుతోంది', పడేదీ 'పడుతోంది'. మావాడు బోల్తాపడింది అక్కడే! పట్టింది, పడింది అన్నాక ఇంక పొరపాటు రాదు. మీ వైపు ఎలా అంటారు?

జవాబు:
మాది అల్లూరి జిల్లా చింతపల్లి వైపండీ. లంబసింగి మాకు దగ్గరే. శీతాకాలం తెల్లవారుజామున లోయంతా తెల్లగా కమ్మేస్తే మేం 'మంచు పట్టేసింది' అనే అంటాం, ఎండెక్కాక 'మంచు విడింది' అంటాం. బాగా చలేసిన రోజుల్లో గడ్డి మీద తెల్లగా పేరుకుంటుంది కూడా. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని దానికి అర్థం చెబుతారు. మీరన్న క్రియల సంగతి బాగుంది గానీ, 'కురిసింది'ని వదిలేశారు. దానికి ఈ తేడా లేదు కదా?

జవాబు:
నిజమేనండీ. వానకీ, తెల్లవారుజాము మంచుకీ, కాశ్మీరు మంచుకీ అన్నిటికీ 'కురిసింది' సరిపోతోంది. చూరు కారినా ఇల్లు కురుస్తోందనే అంటాం. నా వాదనకు అది లొంగదు, ఒప్పుకుంటున్నాను. 'మంచు విడింది' మాత్రం రాసిపెట్టుకున్నాను. ముడి విడినట్టు, చిక్కు విడినట్టు, ఎంత చక్కగా ఉందో! ఇక్కడ మంచుకి ఆ మాట పనికిరాదు, ఇది కరగాల్సిందే.

ఇంకొక్కటి అడుగుతాను. కొత్తగా పడిన మంచు మీద అడుగేస్తే వచ్చే చప్పుడుకి మన దగ్గర ధ్వన్యనుకరణ ఏమైనా ఉందా? కరకర కాదు, అది అప్పడాలది. సంచిలో మొక్కజొన్న పిండిని వేళ్లతో నొక్కితే వస్తుందే, సరిగ్గా ఆ చప్పుడు. మావాడు 'కిర్రు కిర్రు' అంటున్నాడు. ఇంతకన్నా దగ్గరి మాట ఎవరికైనా తడితే చెప్పండి, వాడికి రేపు కూడా సెలవే.